బాల్ ఇయ్యని పిల్ల

ధనుంజయ్ సారు అంటే నిజామాబాద్‌లో ఎవరికీ ఠక్కున గుర్తుకు రాడు. పాస్ సారు అంటే మాత్రం గ్రౌండ్ గేటు దగ్గర మిర్చిబండి ఆత్మారాం కూడా జల్లిగంటె పక్కన పెట్టి దారి చూపిస్తాడు. ముప్పై ఏళ్లుగా సర్కారు బడిలో ఆటల సారు, పదిహేనేళ్లుగా జిల్లా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. పొద్దున ఐదున్నరకు సిమెంటు కోర్టు మీద మొదలయ్యే ఆయన కేక రెండు వీధుల అవతల చాయ్ హోటల్ దాకా వినిపిస్తుంది. కేక కూడా ఒక్కటే. "పాస్! పాస్ ఇయ్యి!" ఆ వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు మొదటి వారం తిట్టుకుంటారు, రెండో వారం నుంచి ఫోన్లో అలారం పెట్టుకోవడం మానేస్తారు.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. జట్టులో ఐదుగురు ఆడతారు. బాల్‌ను కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు తెచ్చే పిల్లను గార్డ్ అంటారు. తెచ్చాక తనే రింగ్‌కు కొట్టాలా, మంచి చోట నిలబడ్డ తోటి పిల్లకు ఇవ్వాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవలసింది ఆ పిల్లే. మన సారుకు మాత్రం ఇందులో తేల్చుకోవడానికేమీ లేదు. గార్డ్ అంటే పెండ్లిల వడ్డించేటోడు, అందరి ఇస్తర్లు నిండినంకనే ఆయన కూసోవాలె అంటాడు. గార్డ్ కొట్టిన బాల్ రింగ్‌లో పడితే చూడనట్టు మొహం తిప్పుకుంటాడు. పడకపోయిందా, ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టే. ఆయన దగ్గర నవ్వుతూ ఆడిన గార్డ్ ఒక్కరూ లేరు.

ఈ పట్టుదల వెనక ఒక పాత కడుపుమంట ఉంది. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ జట్టులో ధనుంజయ్ అందరికన్నా పొడుగు. రింగ్ కింద నిలబడి, చేతులెత్తి, బాల్ కోసం చూడటం ఆయన పని. చూశాడు పాపం, మూడేళ్లు చూశాడు. గార్డ్‌గా ఆడే అబ్బాయి వకీలు గారి కొడుకు. బీడీలు చుట్టే దేవవ్వ కొడుక్కు బాల్ ఇవ్వడానికి ఆ దొరబిడ్డకు మనసొప్పలేదు. చేతులెత్తినవాళ్లకు బాల్ అందేలా చూడటమే ఇక నా పని అని ధనుంజయ్ అప్పుడే అనుకున్నాడు, అనుకున్నట్టే బతికాడు. బీడీలు చేసేవాళ్ల వాడల్లో తిరిగి, పిల్లల్ని వెతికి, తల్లుల్ని బతిమాలి, బూట్లు తనే కొనిచ్చి ఆడించాడు. ఆ విషయంలో ఆయనకు ఎవరూ వంక పెట్టలేరు.

అలాంటి మనిషి జట్టులోకి విజయశ్రీ వచ్చి పడింది. బోధన్ దగ్గర కాలువ కింద ఒక క్యాంపు వాళ్లది. నిజాంసాగర్ నీళ్లు పారిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను అక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ముత్తాత బండి కట్టుకుని వచ్చాడు, తాత రత్తయ్య చెరకు పండించాడు, తండ్రి గోపీచంద్ చెరకు తగ్గించి వరి వేశాడు. నాలుగు తరాలు గడిచినా చుట్టుపక్కల ఊళ్లకు వాళ్లు ఆంధ్రోళ్లే. పిల్ల ఐదో తరగతిలో ఉండగా గోపీచంద్ గోదాము గోడకు ఇనుప రింగ్ బిగించాడు. అది మొదలు విజయశ్రీ దానికి బాల్ కొడుతూనే ఉంది. ఇప్పుడు పదిహేడేళ్లు. మనిషి పొట్టి, మాట తక్కువ. ఆ పిల్ల గురి చూస్తే మాత్రం నోరు తెరిచినవాళ్లు మూయడం మరిచిపోతారు.

మిగతా నలుగురూ నిజామాబాద్ పిల్లలే, నలుగురి ఇళ్లలోనూ బీడీలే. అందులో శంకరమ్మ బిడ్డ సుమలత ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. ఆ పిల్ల రింగ్ కింద నిలబడితే సారుకు తన కాలేజీ రోజులు కళ్ల ముందు మెదిలేవి. ఆమెకు బాల్ అందకపోతే తనకే అందనట్టు ఉడికిపోయేవాడు.

ఈసారి ముందు పెద్ద సంగతే ఉంది. జిల్లాల పోటీ అయ్యాక జిల్లా నుంచి ఇద్దరు పిల్లల్ని హైదరాబాద్‌లో రాష్ట్ర శిబిరానికి పంపాలి. కోచ్ రాసే రిపోర్టే దానికి ఆధారం. పద్దెనిమిదేళ్లు నిండితే ఆ శిబిరంలోకి రానివ్వరు. విజయశ్రీకి మరో రెండు నెలల్లో నిండుతాయి. అంటే ఆ పిల్లకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

ఫైనల్ ఆదివారం సాయంత్రం నిజామాబాద్‌లోనే జరిగింది, వరంగల్ పిల్లలతో. మొదటి సగంలో విజయశ్రీ సుమలతకు నాలుగు పాస్‌లు ఇచ్చింది. నాలుగూ చేతుల్లోంచి జారిపోయాయి. విరామంలో సారు విజయశ్రీని దులిపేశాడు. పట్టేటోళ్లకు అందేటట్టు ఇచ్చుడు గార్డ్ పని, పాస్ జారిందంటే తప్పు ఇచ్చినోళ్లదే అని అందరి ముందరా అన్నాడు. విజయశ్రీ తలూపి నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయింది. సుమలత వెనకాలే పోయింది. అక్కడ వాళ్లేం మాట్లాడుకున్నారో సారు పట్టించుకోలేదు.

రెండో సగంలో విజయశ్రీ ఎవరికీ బాల్ ఇవ్వలేదు. తెచ్చింది, కొట్టింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ కొట్టింది. పడలేదా అంటే, పడ్డాయి. పన్నెండు పాయింట్లు వెనకబడ్డ జట్టు ఒక్క పాయింటు తేడాకు వచ్చిందంటే అది ఆ పిల్ల చేతి చలవే. కానీ కోర్టు పక్క గట్టు మీద కూర్చుని చూస్తున్నవాళ్లకు అది కనపడితేగా! ఎవరో మొదలుపెట్టారు, ఆంధ్రోళ్ల పిల్ల మనోళ్లకు ఇస్తదా అని. ఇంకొకరు అందుకున్నారు. సారు ఆ మాట అనలేదు. అలాగని ఆపనూ లేదు. దాచడం ఎందుకు, లోపల ఎక్కడో ఆయనకు ఆ మాట నచ్చింది.

ఇంకా ఏడు సెకన్లు ఉన్నాయి. వరంగల్‌కు నలభై రెండు, మనకు నలభై ఒకటి. బాల్ విజయశ్రీ చేతిలో ఉంది. రింగ్ పక్కన సుమలత రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి నిలబడింది. సారు గొంతు చించుకున్నాడు. గట్టు మీది జనమంతా గొంతు కలిపారు. విజయశ్రీ తనే కొట్టింది. బాల్ రింగ్ అంచు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడింది.

ఆ ఏడు సెకన్ల వీడియో తెల్లారేసరికి ఊరంతా తిరిగింది. చేతులెత్తిన సుమలత చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, కింద స్వార్థం అని రాసి మరీ పంపుకున్నారు. సోమవారం పొద్దున బడిలో కూర్చుని సారు రిపోర్టు రాశాడు. సుమలత పేరు మొదట పెట్టాడు, రెండో చోటు ఖాళీగా వదిలాడు. విజయశ్రీ గురించి మూడే ముక్కలు. తోటివాళ్లకు బాల్ ఇవ్వదు. స్వార్థం ఎక్కువ. శిబిరానికి పంపవలసిన పని లేదు. సంతకం పెట్టి, జిల్లా సంఘం కార్యదర్శి పరమేశ్వర్ చేతికిచ్చాడు. జాబితా గురువారం సాయంత్రం ఐదింటికి హైదరాబాద్ చేరాలి. కాగితం ఇచ్చి వస్తుంటే సారుకు ప్రాణం హాయిగా ఉండింది.

బుధవారం బడి నుంచి వచ్చి చాయ్ తాగుతూ ఆ వీడియోను తల్లికి చూపించాడు. ఇంట్లో ఇంకెవరికీ దాన్ని చూసే ఓపిక మిగల్లేదు మరి. దేవవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. యాభై ఏళ్లు బీడీలు చుట్టి, చూపు మందగించాక మానేసింది. కళ్లకు ఆపరేషన్ అయ్యాక ఫోన్ బాగానే కనపడుతోంది. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో మాత్రం ఆమెకు అక్షరం తెలియదు. కొడుకు విజయశ్రీని చూపించి, చూడవే అవ్వ, ఇది మనిషేనా అన్నాడు. దేవవ్వ విజయశ్రీని చూడలేదు. రింగ్ పక్కన ఉన్న పొడుగు పిల్లనే చూసి, మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు.

"ఈ పొల్ల బీడీలు చేస్తదారా?" అని అడిగింది.

వాళ్లమ్మ చేస్తుంది, ఈ పిల్ల ఆడుకుంటుంది అన్నాడు సారు.

"వాళ్లమ్మ కాదు, ఈ పొల్లనే చేస్తది. గా చేతులు జూడు. బాల్ కావాల్నంటే అరచేతులు ముందటికి పెడ్తరు గదా. ఈ పొల్ల వేళ్లు లోపటికి ముడుసుకున్నది. దారం కోసి వేళ్లు సలుపుతుంటే మేం ఖార్ఖానల గిట్లనే నెత్తి మీద పట్టుకుంటుంటిమి. నెత్తురు కిందికి దిగితే జర సల్లబడుతది. అది బాల్ అడుగుతలేదు బిడ్డా. దాని చేతులు మండుతున్నయి."

సారు చాయ్ కప్పు కింద పెట్టాడు. వీడియో మళ్లీ పెట్టాడు. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. వేలితో పెద్దది చేసి చూశాడు. బొటనవేళ్లు అరచేతుల్లోకి దాచుకుని, పళ్లు బిగించి, ఆ పిల్ల బాల్ వైపు కూడా చూడటం లేదు. నలభై సార్లు చూశాడీ వీడియోను, తోటి సార్లకు చూపించాడు, ఎర్ర సున్నాను చూసి తలూపాడు. ఒక్కసారైనా ఆ పిల్ల మొహం చూడలేదు.

దేవవ్వ చేతులు చూడని రోజు ఉందా ఆయనకు? చిన్నప్పుడు పొద్దుగూకే వేళ పొయ్యి రాజేసి, ఆమె రెండు చేతులూ ముడిచి నెత్తి మీద పెట్టుకుని గోడకు ఆనుకునేది. అలిసిపోయిందనుకునేవాడు. ఆ చేతుల కష్టంతోనే డిగ్రీ చదివాడు, నౌకరీ తెచ్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. అంత మనిషి సలుపుతున్న చేతుల్ని చూసి బాల్ అడుగుతున్నాయనుకున్నాడు. ఎందుకనుకున్నాడు? తనవి అలా అడిగాయి కనుక.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ప్రతి పోటీకి ముందు ఆ నలుగురూ వేళ్ల కొసలకు ఎర్రగా మైదాకు, అదే గోరింటాకు, పెట్టుకొచ్చేవాళ్లు. ఆటకొచ్చిన్రా, పెండ్లికొచ్చిన్రా అని ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో! వాళ్లు నవ్వి చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్లు.

గురువారం పొద్దున బడికి సెలవు పెట్టి శంకరమ్మ ఇంటికి పోయాడు. సుమలత ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. ఆకు, తంబాకు, దారం, కత్తెర, అన్నీ ముందరే ఉన్నాయి. సారును చూసి చాట కింద పెట్టబోయింది, ఎక్కడ దాస్తుంది పాపం. చేతులు చూపించమన్నాడు సారు. ఆ పిల్ల చూపించలేదు. తనే మణికట్టు పట్టుకుని తిప్పాడు. చూపుడువేలు మీద దారం కోసిన గాటు రెండు పెదాల్లా విచ్చుకుని ఉంది. కత్తెర పట్టే బొటనవేలు పక్క తోలు లేచిపోయి ఉంది. మిగతా వేళ్ల కొసలు నునుపెక్కి, పగిలి, ఆ పగుళ్లలో మైదాకు ఎరుపు ఇంకా మిగిలే ఉంది. మైదాకు పెట్టుకున్నది ఈ పగుళ్లు దాచడానికేనని సారుకు అప్పుడు తెలిసింది.

సంగతంతా శంకరమ్మే చెప్పింది, తలుపు చెక్క పట్టుకుని, ఆయన మొహం చూడకుండా. పిల్లలు ఆటకు పోతే ఇంట్లో వాళ్ల వంతు బీడీలు ఆగుతాయి. వారంలో అప్పజెప్పవలసినవి తగ్గితే ఖార్ఖానాలో చుట్టడానికిచ్చే ఆకు తగ్గిస్తారు, కూలీ తగ్గిపోతుంది. అందుకని నలుగురు తల్లులూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆటకు పోయే రోజుల వంతు ముందే చేసి పెట్టాలి, చేశాకే గడప దాటాలి. మూడు రోజుల పోటీ ఉందంటే దానికి ముందు వారమంతా పిల్లలు రెట్టింపు చుడతారు. అంటే ఆట ఎంత పెద్దదైతే చేతులు అంత పాడవుతాయి. ఫైనల్ నాటికి నలుగురికీ వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. సారుకు ఎందుకు చెప్పలేదంటే, కిందటేడు వేలికి పట్టీ కట్టుకొచ్చిన పిల్లను ఆయన ఏమైందని కూడా అడగకుండా బయట కూర్చోబెట్టాడు. ఆ పిల్ల మళ్లీ గ్రౌండ్‌కు రానేలేదు.

అప్పటిదాకా తలొంచుకుని ఉన్న సుమలత ఇక ఆగలేకపోయింది.

"నేనే పాస్ ఇయ్యద్దన్న సార్. ట్యాంకు కాడ విజ్జి కాళ్లు పట్టుకున్న. ఇంకొక్క పాస్ ఇస్తే నెత్తురు బాల్‌కు అంటుతది, సారు చూస్తడు, నలుగురం పోతం అన్న. నువ్వే కొట్టు, ఎవ్వరికీ చెప్పకు అని ఒట్టు పెట్టించుకున్న. అందరు దాన్ని తిడుతుంటే నేను నోరు ముయ్యాల్సొచ్చింది."

ఊరంతా ఆ పిల్లను తిట్టింది. నాలుగు తరాల కిందటి సంగతి తవ్వి మరీ తిట్టింది. రిపోర్టులో మూడు ముక్కలు తాను రాశాడు. ఆ పిల్ల నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. చెప్పలేదు. ఇప్పుడు నా బిడ్డ పేరు తీసేస్తారా అని శంకరమ్మ అడుగుతోంది. తీయనని చెప్పాడు. శిబిరానికి పోయేదాకా ఈ పిల్ల చాట ముట్టొద్దు, దాని వంతు మా అవ్వ వచ్చి చేసిపెడతది అని కూడా చెప్పాడు. దేవవ్వను అడగకుండానే చెప్పాడు. చెప్పులు తొడుక్కుంటూ, ముందే చెప్తే గెలుస్తుంటిమి గదా బిడ్డా అని మెత్తగానే ఒక మాట అని బండి స్టార్ట్ చేశాడు. సుమలత మొహం ఏమైందో ఆయన చూడలేదు.

బోధన్ దారిలో బండి ఆపి పరమేశ్వర్‌కు ఫోన్ చేశాడు. విజయశ్రీ పేరు కూడా జాబితాలో ఎక్కించాలన్నాడు. పరమేశ్వర్ కుదరదని అనలేదు గానీ, సోమవారం ఒకటి రాసి గురువారం ఇంకొకటంటే నోటిమాట చెల్లదు, కారణం కాగితం మీద పెట్టి ఐదింటిలోగా పంపమన్నాడు. కారణం! సారుకు అక్కడే చిక్కొచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తే సుమలత వేళ్ల సంగతి బయటపడుతుంది, ఆ పిల్ల పేరు పోతుంది. ఒక పిల్లను ఎక్కించడానికి ఇంకో పిల్లను దింపాలా? క్యాంపు చేరేసరికి ఆయనకు ఒక ఉపాయం దొరికింది. పేర్లు లేకుండా రాస్తాడు. తోటివాళ్ల మేలు కోరి నింద మోసింది, ఇంత త్యాగబుద్ధి ఉన్న పిల్ల జిల్లాలో లేదు అని రాస్తాడు. ఆ మాటలు మనసులో కూర్చుకుంటుంటే సారుకు కళ్లు చెమర్చాయి.

గోపీచంద్ కుర్చీ వేసి మర్యాదగానే కూర్చోబెట్టాడు. మజ్జిగ ఇచ్చాడు. చుట్టాలంతా ఆ వీడియోనే పంపుతున్నారని, సోమవారం నుంచి తాను ఫోన్ చూడటమే మానేశానని చెప్పాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే సారుకు కాస్త తేలిగ్గా ఉండేది. అమ్మాయి గోదాము వెనకాల ఉంది, వెళ్లి మాట్లాడండి మాస్టారూ అన్నాడు.

విజయశ్రీ వడ్లు ఆరబోసే కళ్లం మీద రింగ్‌కు బాల్ కొడుతోంది. సారును చూసి బాల్ చంకలో పెట్టుకుని నిలబడింది. సారు సుమలత ఇంటి నుంచే వస్తున్నానని, అంతా తెలిసిందని చెప్పాడు. కళ్లు ఉండీ చూడలేదని, క్షమించమని అడిగాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఒక విద్యార్థిని ఆ మాట అడగడం ఆయనకు అదే మొదలు. తర్వాత, కూర్చుకున్న త్యాగం మాటలన్నీ అప్పజెప్పి, ఇవే రాస్త బిడ్డా అన్నాడు.

"వద్దు సార్," అంది విజయశ్రీ. "అది అబద్ధం."

ఇంకా ఏం మిగిలి ఉందో ఆయనకు అర్థం కాలేదు. ఆ పిల్ల ఆయన ఫోన్ అడిగి తీసుకుని, వీడియో పెట్టి, మూడో సెకను దగ్గర ఆపింది. సుమలత చేతుల్ని కాదు, ఆమె వెనకాల చూపించింది. రింగ్ కింద వరంగల్ పిల్లలు ఇద్దరున్నారు. ఒకతె సుమలత భుజానికి ఆనుకునే ఉంది, ఎర్ర సున్నా గీత సరిగ్గా ఆమె మీద పడి కనపడకుండా పోయింది. విజయశ్రీకి ఎదురుగా ఉండవలసిన పిల్ల మాత్రం రెండడుగులు వెనక్కి పోయి ఉంది. అంత సందు ఎప్పుడూ దొరకదంది విజయశ్రీ. అక్కడి నుంచి రోజూ కొడతానని, పదింటికి ఆరు పడతాయని చెప్పింది. గార్డ్ కొట్టదని తెలిస్తే వాళ్లంతా రింగ్ కిందే గుంపు కడతారని, అప్పుడు సుమలతకు ఊపిరి కూడా ఆడదని చెప్పింది. ఆ పిల్ల ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం సారు ఎన్నడూ వినలేదు.

"సుమలత వద్దంది కాబట్టి రెండో సగం అంతా ఇవ్వలేదు, అది నిజమే. కానీ ఆ ఆఖరి షాట్ ఎవరి కోసమూ కాదు సార్. దాని చేతులు నిక్షేపంలా ఉన్నా నేనే కొట్టేదాన్ని. కొట్టాల్సిన షాట్ అది. మొన్నేమో స్వార్థం అన్నారు, ఇవాళ త్యాగం అంటున్నారు. షాట్ మంచిదా కాదా అని మాత్రం ఒక్కరూ అడగలేదు."

సారు కళ్లం గట్టు మీద కూర్చున్నాడు. నిన్నటి నుంచి ఒకదాని మీద ఒకటి దెబ్బలు తింటున్న మనిషికి ఇది అన్నిటికన్నా గట్టిగా తగిలింది. తల్లి చెప్పింది, సుమలత చెప్పింది. అయినా విజయశ్రీ చేసింది తప్పేననీ, ఆ తప్పుకు ఒక మంచి కారణం దొరికిందనీ ఇంతసేపూ అనుకుంటూ వచ్చాడు. గార్డ్ కొట్టడం తప్పు కాకపోవచ్చని ఆయన బుర్రకు తట్టనే లేదు. పడని బాల్‌ను చూసి మంచి షాట్ అని ఏ పిల్లతోనైనా ఎప్పుడైనా అన్నాడా? ఎంత వెతుక్కున్నా ఒక్క రోజు గుర్తుకు రాలేదు. అరిచిన రోజులు మాత్రం వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ మొహాలు, వాటి పేర్లు, ఏ పిల్ల ఏ ఏడాది మానేసిందో కూడా.

ఏం రాయమంటవు అని అడిగాడు చివరికి.

"మంచి షాట్ అని రాయండి సార్. పడలేదు, అంతే."

గోపీచంద్ తెచ్చిన కాగితం మీద, మోకాలు ఆసరాగా పెట్టుకుని సారు రాశాడు. ఆఖరి ఏడు సెకన్లలో విజయశ్రీ కొట్టింది సరైన షాట్. ఆ చోట ఏ మంచి గార్డ్ అయినా అదే కొట్టాలి. సోమవారం నేను రాసింది తప్పు. అంతకుమించి ఒక్క మాట పెట్టలేదు. సంతకం పెట్టాడు. ఫోటో తీసి పంపాడు. రెండు నిమిషాల్లో పరమేశ్వర్ నుంచి ఫోన్. ఓడిపోయిన షాట్‌ను సరైన షాట్ అని రాసిస్తే నవ్విపోతారని, వచ్చే ఏడు నిన్ను కోచ్‌గా పెట్టమని తాను ఏ మొహంతో అడగాలని అతను గట్టిగానే అరిచాడు. సారు అంతా విన్నాడు. నన్ను పెట్టకపోతే మానె, పేరు మాత్రం ఐదు దాటనియ్యకు అన్నాడు. నాలుగున్నరకు జాబితా సారు ఫోన్‌కు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

గోపీచంద్ ఆ జాబితాను ఇంట్లోవాళ్లకు చూపించడానికి సారు ఫోన్ పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. సారు ఇక బయల్దేరదామని లేచాడు. విజయశ్రీ కదల్లేదు. సంతోషపడుతుందనుకున్నాడు గానీ ఆ పిల్ల మొహంలో ఇంకా ఏదో అడ్డుపడి ఉంది.

"సార్, ఈ మాట సుమలతకి కూడా చెప్పండి. తన వేళ్ల వల్లే ఓడిపోయామని ఆదివారం నుంచి అది అన్నం సరిగా తినట్లేదు. నేను చెబితే ఊరికే ఓదారుస్తున్నావంటుంది. ఇవాళ మీరు వెళ్లొచ్చాక ఫోన్ చేసి, సారు కూడా అదే అన్నాడు అని ఒకటే ఏడుపు."

ముందే చెప్తే గెలుస్తుంటిమి గదా బిడ్డా. చెప్పులు తొడుక్కుంటూ, ఆ పిల్ల వైపు చూడకుండా, ఎంత ప్రేమగా అన్నాడు! ఇంట్లోకి పోయి, గోపీచంద్ చేతిలోంచి తన ఫోన్ గుంజుకున్నంత పని చేసి శంకరమ్మ నంబరు కలిపాడు. బిడ్డను పిలవమన్నాడు. సుమలత వచ్చి ఫోన్ అందుకుంది.

"బిడ్డా, నీ వేళ్లతోని ఓడిపోలేదు. పొద్దుగాల నేను తెలువక అన్న. గా ఆఖరి షాట్ మంచి షాట్, విజయశ్రీయే కొట్టాలె. నీ చేతులు బాగున్నా గదే కొడ్తుండె. పడలే, అంతే."



"ఒట్టా సార్?" అంది సుమలత.

"మా అవ్వ మీద ఒట్టు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తర్వాత చాట పక్కకు జరిపిన చప్పుడు వినిపించాయి. ఫోన్ పెట్టేయడం మరిచిపోయి, ఇంట్లో ఉన్న తల్లికి కేకేసింది.

"అవ్వా, ఇంత బువ్వ పెట్టే."